నాయన తిప్పని మర

పోయిన వారం ఆసుపత్రి కాగితాల కోసం నాయన రేకుపెట్టె తెరిస్తే, ముందు ముక్కుకు తగిలింది ఆముదం వాసన. అడుగున గొర్రెపిల్లల కాళ్లకు కట్టే వెదురు బద్దలు, పాత పంచె చించిన పీలికలు, వాటి మధ్య నా చిటికెన వేలంత స్టీలు తాళంచెవి. అది ఏ తాళానిదీ కాదు. నా తొమ్మిదో ఏట దవడ ఎముకను రోజుకింత సాగదీసిన మరను తిప్పింది అదే. చేతిలోకి తీసుకోగానే చెవి కింద చురుక్కుమంది. ఉలిక్కిపడి కింద పడేశాను.

మాది ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుకునే ఇల్లు. వానలకు కొండ పచ్చబడ్డాక, గంపల్లో దిగే సీతాఫలాల తీపి వాసన, తడిసిన గొర్రెల బొచ్చు వాసన, అవ్వ కాల్చే సజ్జరొట్టె వాసన అన్నీ కలిసి వాకిట్లోనే ఉండేవి. పిల్లలందరూ అరుగు మీద వరసగా కూర్చుని సీతాఫలం గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్ముతారా అని పందెం వేసుకునేవాళ్లు. నాయన మాత్రం దొడ్డి దగ్గర గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని, విరిగిన కాలికి కోడిగుడ్డు తెల్లసొన పూసి, బద్దలు వేసి, పీలికలు చుడుతూ ఉండేవాడు. మర్రిపాడు నుంచి కూడా తువ్వాళ్లలో చుట్టుకుని గొర్రెపిల్లల్ని తెచ్చేవాళ్లు. కట్టు కట్టాక అందరికీ చెప్పేది ఒకటే మాట: "కదిలిందా, ఇంక అతకదు. గుంజకు కట్టెయ్యండి."

ఆ పందెంలో నేను లేను. నాలుగేళ్లప్పుడు దొడ్డి గోడ మీంచి గడ్డం నేలకు తగిలేట్టు పడ్డాను. నోరు తెరుచుకోవడం మానేసింది. తర్వాత నెల్లూరులో ఆపరేషను చేసి నోరైతే తెరిపించారు గానీ, దవడ ఆ నాలుగేళ్ల పిల్ల దగ్గరే ఆగిపోయింది. నిద్రలో నాలుక వెనక్కి జారి ఊపిరి ఆడేది కాదు. అవ్వ నన్ను ఏనాడూ పడుకోబెట్టలేదు, తన ఎదకు ఆనించి కూర్చోబెట్టుకునే నిద్రపుచ్చేది.

నా తొమ్మిదో ఏట నెల్లూరు డాక్టరమ్మ ఇంకో ఆపరేషను చేయాలంది. దవడ ఎముకను రెండు వైపులా కోసి మరలు బిగిస్తారట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిప్పితే కోసిన ముక్కలు కొంచెం కొంచెంగా దూరం జరుగుతాయట, ఆ సందులో కొత్త ఎముక పుడుతుందట. మర తిప్పేది ఇంట్లో మేమేనట!

"ఎముకేమన్నా జీడిపాకమా, లాగితే సాగేదానికి?" అంది అవ్వ. నాయన మొహం పాలిపోయింది.

అయినా ఒప్పుకున్నాడు, నాకు ఊపిరి ఆడాలని. ఇంటికొచ్చాక మొదటి మూడు రోజులు ఆయనే తిప్పాడు. చెవి కింద బయటికి పొడుచుకొచ్చిన కడ్డీకి తాళంచెవి తగిలిస్తే చాలు, నేను కేకలు పెట్టేదాన్ని, అమ్మ దొడ్లోకి వెళ్లిపోయేది. పంటి వేళ్లన్నీ ఒక్కసారి గుంజినట్టుండేది. నాలుగో రోజు నొప్పి లేదు. తాళంచెవి తగిలించాడు, మణికట్టు తిప్పాడు, ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం మీద ఆ పూట గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టాడు. కానీ లోపల ఏదీ కదల్లేదు. నాకు తెలిసింది. తెలిసి ఊరుకున్నాను, హాయిగా ఉంది గనక. అలా నాలుగు రోజులు. మధ్యలో వినాయక చవితి వచ్చింది. అవ్వ చేసిన పాలతాలికలు రెండు గిన్నెలు జుర్రుకున్నాను.

ఆత్మకూరు, సంగం మీదుగా బస్సులో నెల్లూరు పోయాం. డాక్టరమ్మ మరను కొలిచి, మళ్లీ కొలిచి, తల ఎత్తింది.

"మీరు తిప్పలేదు."

"తిప్పినానమ్మా. కాయితం చూడండి."

నాయన నోట అబద్ధం వినడం అదే మొదలు. ఆమె నా వైపు చూసింది. నేను నేలచూపులు చూశాను.

"ఇంకో రెండు రోజులైతే అతుక్కుపోయేది. మళ్లీ కోయాల్సి వచ్చేది. పిల్లకు ఊపిరి ఆడొద్దా?" అంటూ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టింది. నాయన దగ్గరికి పోయి చూశాడు. కోసిన రెండు ముక్కల మధ్య సన్నగా పొగలాంటి మరక.

"ఈ మసకేందమ్మా?"

"కొత్త ఎముక. మీరు మొదట తిప్పిన మూడు రోజులది."

విరిగిన ఎముకను కదపకూడదని బతుకంతా చెప్పినవాడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆమె తాళంచెవి చేతికిచ్చి అక్కడికక్కడ తిప్పమంది. నేను ఆసుపత్రి దద్దరిల్లేలా అరిచాను. ఆయన కళ్లు తుడుచుకోకుండానే తిప్పాడు. మళ్లీ ఏ పూటా తప్పలేదు. మరలు తీసేశాక, పై ఏడాది సీతాఫలాల కాలంలో, నేను వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటే అవ్వ పక్కన కూర్చుని నా ముక్కు కింద వేలు పెట్టి చూసుకునేదట.

ఇప్పుడు దొడ్డి లేదు, గొర్రెలు లేవు. కాలు విరిగిన గొర్రెపిల్లను తువ్వాల్లో చుట్టుకొచ్చేవాళ్లూ లేరు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పది రోజుల కిందట నాయన జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లోపల కడ్డీ వేశారు, రోజూ నడిపించమన్నారు. ఆయన మంచం దిగడు.

"ఎముక కుదురుకోనీ పాపా. నాలుగు దినాలు చూద్దాం."

నాలుగు! ఆనాటి నాలుగు రోజులే గుర్తొచ్చాయి. తాళంచెవి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను. దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"అప్పుడు నేను తిప్పలేదని నీకు తెలుసు గదా. తెలిసీ డాక్టరమ్మకు చెప్పలా."

ఆ సంగతి ఇన్నేళ్లూ నేనొక్కదాన్నే దాచాననుకున్నాను. నాకు తెలుసని ఆయనకు తెలుసు!

"నొప్పి లేకుండా ఉన్నింది నాయనా. అందుకని చెప్పలా."

ఆయన తల ఊపాడు. తాళంచెవి దిండు కింద పెట్టి, రెండు చేతులూ నా వైపు చాపాడు.

"లేపు. నేను అరిసినా ఆపబాక."

అరిచాడు. నేను ఆపలేదు.