అయిదు కిలోల లోపు

జ్యోతిర్మయి కీబోర్డు వాయించడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఆ ఇరవై రెండేళ్లలో దాన్ని ఆమె ఎన్నడూ మోయలేదు. మోయాల్సిన అవసరం రాలేదు. భర్త యలమంద గుంటూరు మిర్చియార్డులో హమాలీ. నలభై కిలోలు దాటిన మిర్చి బస్తాను ఒక్క ఊపున వీపు మీదికి తీసుకుని లారీ ఎక్కించే మనిషి. పెట్టెతో కలిపి పద్దెనిమిది కిలోలుండే కీబోర్డు ఆయన దృష్టిలో బరువే కాదు. "ఇదీ ఒక మోతేనా," అంటూ ఒంటి చేత్తో ఎత్తి బస్సెక్కించేవాడు.

ఆమెకు ఈ విద్య తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. తండ్రి బుల్లయ్య ప్రత్తిపాడు చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. తొమ్మిదేళ్ల వయసునుంచే కూతురు ఆయన పక్కన కూర్చుని గాలితిత్తి ఆడించేది, వేళ్లు పెట్టడం నేర్చుకుంది. నాటకాల్లోకి కీబోర్డు వచ్చాక బుల్లయ్య ఒకసారి దాని మీద చెయ్యి వేసి చూసి, "దీనికి ఊపిరి లేదమ్మా. నావల్ల కాదు, నువ్వు చూడు," అని పక్కకు జరిగాడు. ఆయన పోయాక ఆ చోటు ఆమెదే అయింది.

ఆడమనిషి వేదిక మీద మగవాళ్ల మధ్య కూర్చుని వాయించడం మొదట్లో కొందరికి మింగుడుపడలేదు. యలమంద ఎవరితోనూ వాదనకు దిగలేదు. కీబోర్డు పెట్టె భుజాన పెట్టుకుని ముందు నడిచేవాడు, ఆమె వెనక వెళ్లేది. వేదిక మీద పెట్టె దించి, స్టాండు బిగించి, "మా ఆవిడ వాయిస్తది," అని ఒక్క మాట చెప్పి తెర వెనక్కి వెళ్లి కూర్చునేవాడు. ఆ భుజాలు చూశాక ఇంకో మాట అనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. సంగీతం గురించి ఆయనకు ఏమీ తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా. పెట్టె క్షేమంగా తీసుకెళ్లి క్షేమంగా తీసుకురావడమే తన వంతు అనుకున్నాడు.

పోయిన శ్రావణంలో ఆయనకు గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు మందుల చీటీ అంతా వివరించి, చివర్న చెప్పాడు. "అయిదు కిలోలు దాటి ఏదీ ఎత్తొద్దు. బిందె కూడా."

యలమంద నవ్వాడు. ఇంటికొచ్చాక నవ్వలేదు. తోటి హమాలీలు మాట సాయం చేసి ఒక కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర కుర్చీ ఉద్యోగం చూసిపెట్టారు. వచ్చే లారీకి గేటు తీయాలి, లారీ పోయాక వేయాలి. తను ఎత్తాల్సిన బస్తాలు పక్కనుంచి ఎవరో మోసుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలి.

కార్తీకంలో నరసరావుపేటలో ఒక పెళ్లికి వాయించాల్సి వచ్చింది. పెట్టె తనే పట్టుకుంటానని జ్యోతిర్మయి ముందే చెప్పింది. ఆటో దిగి, చెప్పులు సర్దుకుని చూసేసరికి ఆయన పెట్టెతో సహా మెట్లెక్కుతున్నాడు. పై అంతస్తులో మండపం. సగం మెట్లెక్కి ఆగాడు. పెట్టెను మెట్టు మీద నెమ్మదిగా దించాడు. కింద పడకుండా దించాలన్న జాగ్రత్త అప్పుడు కూడా మర్చిపోలేదు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చొక్కా తడిసిపోయింది. ముఖం రంగు మారింది.

ఆమె ఆయన జేబులోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టింది. బృందంలో ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించే మార్క్ పరుగెత్తుకొచ్చి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆమె కూడా వస్తానంటే యలమందే ఒప్పుకోలేదు. "ముహూర్తానికి వాయిద్యం లేకపోతే ఎట్టా? నువ్వు పో." ఆ పెళ్లిలో ఏం వాయించిందో ఆమెకు గుర్తులేదు. ప్రమాదం లేదని మార్క్ ఫోన్ చేసేదాకా గుమ్మం వైపే చూస్తూ వాయించింది.

ఇంటికొచ్చిన మర్నాడు ఆమె అంది. "ఇంక చాలయ్యా. ఇంట్లో పిల్లలకి నేర్పుకుంటా. కచేరీలు మానేస్తాను."

"నా మూలంగానా?"

ఆమె కీబోర్డు పెట్టె మీద గుడ్డ కప్పింది.

"నా మూలంగా మానొద్దు," అన్నాడు. ఆ మాట అనేసి పెరట్లోకి వెళ్లిపోయాడు.

మానకూడదంటే తను మోయగల కీబోర్డు కావాలి. జ్యోతిర్మయి ఆ ఒక్క ఆలోచనతో నాలుగు రోజులు గడిపింది. ఆమెకు నలభై ఆరేళ్లు. బస్సులో వెళ్లాలి, దిగి నడవాలి, మెట్లెక్కాలి. కారు మాట్లాడుకుని వెళ్లేంత పెద్ద కచేరీలు ఏడాదికి రెండో మూడో. కాబట్టి తను మోసే బరువూ డాక్టరు చెప్పిన అయిదు కిలోల లోపే ఉండాలనుకుంది. అప్పుడు ఆయన చటుక్కున ఎత్తినా భయం ఉండదు.

గుంటూరు బ్రాడీపేటలో యూసుఫ్ వాయిద్యాల దుకాణం ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. బుల్లయ్య హార్మోనియం రీడ్లు శ్రుతి చేయించింది అక్కడే. యూసుఫ్‌కు ఇప్పుడు అరవై దాటాయి. ఆమె ఒక్కతే వెళ్దామనుకుంది. యలమంద కూడా చొక్కా వేసుకుని బయలుదేరాడు. వద్దనడానికి నోరు రాలేదు.

"ఎన్ని టోన్లున్నాయని అడగవేందమ్మాయ్? అందరూ అదే అడుగుతారు," అన్నాడు యూసుఫ్, మూడు కీబోర్డులు బల్ల మీద పరుస్తూ.

"నాకు హార్మోనియం, సన్నాయి, వేణువు బాగుంటే చాలు బాబాయ్. ముందు వేళ్లు పెట్టి చూడనీ."

మొదటిది అన్నిటికంటే తేలిక. రెండున్నర కిలోలు. వేళ్లతో నొక్కే మెట్లు చిన్నవి. ఆమె వేళ్లు పెట్టగానే ఒక మెట్టు నొక్కితే పక్కది కూడా పలికింది. పిల్లల చెప్పుల్లో పెద్దవాళ్ల కాళ్లు పెట్టినట్టుంది. పక్కకు నెట్టేసింది.

రెండోదానికి సొంత గొంతు లేదు. ఫోనుకో ల్యాప్‌టాపుకో తగిలిస్తే అందులోంచి శబ్దం వస్తుంది. మార్క్ దీని గురించే గొప్పగా చెప్పాడు. ఆమె ఫోనుకు తగిలించి వాయించి చూసింది. నిజంగానే బాగుంది. ఆలోచిస్తూ ఉండగానే ఎవరిదో ఫోన్ వచ్చింది, సన్నాయి తెగిపోయింది. "పద్యం మధ్యలో ఇట్టా అయితే ఆ పాడేవాళ్లు నన్ను వదలరు," అని ఫోను ఊడదీసింది. కాల్స్ రాకుండా పెట్టుకోవచ్చని యూసుఫ్ చెప్పాడు. ఆమెకు మనసొప్పలేదు. వాయిద్యం అన్నాక అది తన శబ్దం తనే పలకాలని ఆమె పట్టుదల.

మూడోది నాలుగున్నర కిలోలు. అరవై ఒక్క మెట్లు, పూర్తి వెడల్పు. కరెంటు లేకపోయినా బ్యాటరీలతో నడుస్తుంది. పాత కీబోర్డులో స్వరాన్ని వంచడానికి ఎడమ పక్కన చక్రం ఉండేది. దీనికి లేదు. సన్నాయి గమకాలు ఆ చక్రంతోనే తీసేది. అది లేకపోతే పెళ్లిళ్లలో తన వాయింపు ఒక మెట్టు తగ్గినట్టే. చాలాసేపు ఖాళీ ఎడమ చేతిని గాల్లో ఉంచుకుని కూర్చుంది. నాన్న హార్మోనియానికి ఏ చక్రం ఉందని? ఆయన రెండు మెట్ల మధ్య వేలు జార్చి ఆ పని చేసేవాడు. ఆమె కూడా అట్లా జార్చి చూసింది. పూర్తిగా రాలేదు, కొంత వచ్చింది.

ఆమెకు ముఖ్యంగా కావాల్సింది శ్రుతి మార్చే మీట. ఒకరు నాలుగు శ్రుతిలో పాడితే ఇంకొకరు ఆరున్నరలో ఎత్తుకుంటారు. ఆ మీట కంటితో చూడకుండా దొరకాలి. దీనిలో అది పైన విడిగా, వేలికి తగిలేలా ఉంది.

"సంచిలో పెట్టివ్వు బాబాయ్. వీధి చివరిదాకా మోసుకెళ్లొస్తాను," అంది.

యూసుఫ్ వింతగా చూసి ఇచ్చాడు. ఆమె సంచి భుజాన తగిలించుకుని గుమ్మం దాటింది. పది అడుగులు వేసేసరికి కింది కొస మోకాలికి తగలడం మొదలైంది. పై కొస తలకి కొట్టుకుంది. భుజం ఒక పక్కకి గుంజింది. నాలుగున్నర కిలోలే అయినా నడక కుదరలేదు. తిరిగి వచ్చేసింది.

అంతసేపూ స్టూలు మీద కూర్చున్న యలమంద లేచాడు.

"అట్టా కాదు. ఇటు తిరుగు."

పట్టీ పొడుగు తగ్గించాడు. సంచిని ఆమె వీపుకు ఏటవాలుగా కాకుండా నిలువుగా, ఎత్తుగా కట్టాడు. రెండో పట్టీ రెండో భుజానికి వేసి ఎదురు రొమ్ము మీద ఒక తాడుముక్కతో కలిపాడు. "వెనక్కి వాలొద్దు. కొంచెం ముందుకి వంగు. మెడతో కాదు, నడుం దగ్గర. కాళ్లు దగ్గర దగ్గరగా వెయ్యి. బరువు నీ ఒంటికి అంటుకుని ఉండాల, ఊగకూడదు. ఊగితే రెండు కిలోలైనా పది కిలోలే."

ముప్పై ఏళ్లుగా ఆయన ఎవరికీ చెప్పని విద్య అది. ఆమెకు కూడా చెప్పలేదు. అవసరం లేదనుకున్నాడు. ఆమె మళ్లీ గుమ్మం దాటింది. వీధి చివరిదాకా వెళ్లి, అక్కడ ఒక ఇంటి మెట్లు ఎక్కి దిగి, తిరిగొచ్చింది.

"ఇప్పుడు?" అన్నాడు.

"బానే ఉంది."

"చెయ్యి తిమ్మిరెక్కిందా?"

"లేదు."

యలమంద తల ఊపి, యూసుఫ్ వైపు తిరిగి, "ఇదే ఇవ్వండి," అన్నాడు. బస్సులో ఊరికి తిరిగొస్తూ చాలా దూరం పత్తిచేలు చూస్తూ కూర్చున్నాడు. ఏరేవాళ్లు నడుముకు ఒడి కట్టుకుని వరసలో కదులుతున్నారు. కొంతసేపయ్యాక అడిగాడు. "ఇంక నేను రానక్కర్లేదుగా?"

"మోయడానికి అక్కర్లేదు," అంది జ్యోతిర్మయి. "రావడానికి ఏముంది, రా."

పుష్యమాసంలో చీరాలలో పద్యగానం పోటీలు పెట్టారు. ఆదివారం ఉదయం, ఒక హైస్కూలు హాలు. ముప్పైమంది పాడతారు, అందరికీ ఆమే వాయించాలి. పర్చూరు మీదుగా బస్సులో వెళ్లారు. బరువు ఆమె వీపు మీద ఉంది. పక్కన నడుస్తున్న యలమందకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి జేబులో, ఒకసారి వెనక, చివరికి తువ్వాలు రెండు చేతులా పట్టుకున్నాడు. హాల్లో అలవాటు కొద్దీ వేదిక వెనక్కి వెళ్లబోతే, "అక్కడ పనేముంది? ముందు కుర్చీలో కూర్చో," అంది.

మొదటి ఆరుగురూ బాగానే పాడారు. ఏడో ఆయన శివరామకృష్ణ, రిటైరైన టీచరు. గంభీరంగా పద్యం ఎత్తుకున్నాడు. ఆమె కూడా వేళ్లు బలంగా వేసింది. వేసిన ప్రతిసారీ కీబోర్డు బల్ల మీద అంగుళం వెనక్కి జరిగింది. పాత కీబోర్డు బండలా కదలకుండా ఉండేది. దీనికి ఆ బరువు లేదు, ఆ పట్టూ లేదు. చేయి చాపి లాక్కోబోయి శ్రుతి మీటను తాకింది. వాద్యం శ్రుతి అర మెట్టు పైకి లేచింది. ఆయన ఆగిపోయాడు.

"తప్పు నాదేనండీ. మళ్లీ మొదలుపెట్టండి," అంది. ఇన్నేళ్లలో ఒక్కరి పద్యం కూడా ఆమెవల్ల ఆగలేదు.

"ఫర్వాలేదమ్మా, కొత్తదా?" అన్నాడాయన నెమ్మదిగా.

అప్పటికే యలమంద కుర్చీలోంచి లేచాడు. కుళాయి దగ్గరికి వెళ్లి తువ్వాలు తడిపి, గట్టిగా పిండి, మడతపెట్టుకుని వేదికెక్కాడు. ఆమె కీబోర్డు ఒక పక్క ఎత్తితే కింద పరిచాడు. చేత్తో తోసి చూశాడు. కదల్లేదు. దిగి వెళ్లి మళ్లీ కూర్చున్నాడు. శివరామకృష్ణ మొదటినుంచి పాడాడు. ఈసారి బాగా పాడాడు. ఆ తర్వాత ఇరవైముగ్గురు పాడారు. ఏదీ ఆగలేదు.

తిరుగు బస్సులో యలమంద ఉన్నట్టుండి అన్నాడు. "పాడేవాళ్లు నీకంటే ముందు పోతారు, నువ్వు వెనక పట్టుకుని పోతావనుకునేవాణ్ణి ఇన్నేళ్లూ."

"మరి?"

"కాదు. ఊపిరి పీల్చుకోడానికి వాళ్లాగిన చోటల్లా నువ్వు ముందుకెళ్లి నిలబడతన్నావు. వాళ్లు నీ దగ్గరికి వచ్చి దిగుతున్నారు. వెనక కూర్చుంటే ఇది తెలవదు."

వాయిద్యం గురించి ఆమెకు చాలామంది చాలా మాటలు చెప్పారు. నాన్న ఉన్నప్పుడు ఆయన చెప్పాల్సిన మాట ఇదేమో అనిపించింది. ఆయన కూడా ఇట్లా చెప్పలేదు.

పెళ్లిళ్లలో ఆమెకు ఆ చక్రం ఇప్పటికీ లోటే. పాత కీబోర్డును ఇంట్లో బల్ల మీద పెట్టింది, దాని మీద వీధిలో ముగ్గురు ఆడపిల్లలకు పాఠం చెబుతోంది. కొన్ని ఊళ్లకు ఒక్కతే వెళ్లి వస్తోంది. యలమంద పెళ్లిళ్లకు రానంటాడు, డప్పుల మోతకు గుండె అదురుతుందట. పద్యాల పోటీ అంటే మాత్రం గేటు దగ్గర సెలవు పెట్టి మరీ వస్తాడు. ముందు వరసలో కూర్చుంటాడు. ఈ మధ్య ఎవరు శ్రుతిలో ఉన్నారో, ఎవరు జారారో కూడా చెబుతున్నాడు. సగం తప్పే చెబుతాడు. ఆమె దిద్దుతుంది. ఆయన ఒప్పుకోడు.