మోకాలికీ హేండిలుకీ మధ్య జానెడు

తెలివితక్కువతనం నాదేనని ముందే ఒప్పేసుకుంటే తరవాత చెప్పుకునేవన్నీ తేలికవుతాయి. ఆరడుగుల మూడంగుళాల మనిషినై ఉండి, ఐదడుగుల వాళ్ళు ఎంచిన మోటారుసైకిల్ని కళ్ళు మూసుకుని కొన్నాను. ఈ సంగతి మళ్ళీ గుర్తుకు రావడానికి కారణం మొన్న ఆదివారం ఆ పాతబండిని బేరమాడటానికి గరివిడి నుంచి వచ్చినతను. స్టాండు మీదుండగానే ఎక్కి కూర్చున్నాడు. రెండు కాళ్ళూ గాల్లో నేలను వెతుక్కున్నాయి. "ఇది బండేటి బాబూ, సేను కాపలా మంచెలాగున్నాది. దీన్నెవులు నడిపినారు?" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అతను ఇంక రెండో ప్రశ్న వెయ్యలేదు.

నేను పశువుల ఆస్పత్రిలో సహాయకుణ్ణి. పదవికి ఏటా పొడిగింపు ఉండేది. ఒంటికి మాత్రం పుట్టినప్పుడే దేవుడు ఇచ్చేశాడు. చీపురుపల్లి చుట్టుపక్కల పదకొండు ఊళ్ళు నావి. ఆ ఊళ్ళవాళ్ళు నన్ను డాక్టరుబాబూ అంటారు, ఆస్పత్రిలో ఎవరూ అనరు. ఆవు ఈనలేక అవస్థ పడుతోందని కబురొచ్చిన ఊరికి బస్సుండదు. ఉన్నా, ఆవుకి బస్సు వేళలు తెలియవు. అందుకని బండి తప్పలేదు. ఎంపిక భారం మా ఆవిడ అన్నగారు, గోనెల వ్యాపారం చేసే మా బావ, నెత్తిన వేసుకున్నాడు. అత్తవారింట అందరూ పొట్టివాళ్ళే. ఆ ఇంట్లో ఏ బండికైనా ఒకటే పరీక్ష, ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. కొన్న రోజున అప్పటికే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశారు, ముహూర్తం దాటిపోతోందని కంగారు పెడుతున్నారు. నేను కూర్చున్నాను. పాదాలు ఆనాయి, మోకాళ్ళు బొడ్డుదాకా వచ్చాయి. "సూడు బావా, నేల ఎంత బాగా అందుతన్నాదో" అన్నాడు బావ, అదేదో నాకు కొత్త సుఖమైనట్టు. ద్వారబంధాలకీ బస్సు కమ్ములకీ పెళ్ళిఫొటోలకీ వంగి వంగి, లోకం కొలత సరైనదేననీ, నేనే దానికి మిగులనీ ఎప్పుడో ఖాయం చేసుకున్నవాణ్ణి. కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు. ముందు నిమ్మకాయలు నలిగాయి. తరవాత నేను.

ఏ మలుపు తిప్పినా హేండిలు మోకాలికి కొట్టుకునేది. మోకాళ్ళు బయటికి చాపితే ఎదురొచ్చే ఆటోలవాళ్ళు తిట్టేవారు, లోపలికి పెడితే బండి తిరిగేది కాదు. పశువుల ఊళ్ళకి తిన్నటి దారి ఎవరేస్తారు? నా అవస్థ మా బావకి మాత్రం ప్రతి శుభకార్యంలోనూ ఫలహారమయ్యేది. నన్ను చూడగానే అరచెయ్యి కనుబొమ్మలకి అడ్డం పెట్టుకుని పైకి చూసేవాడు. "బండి బాగానే ఉన్నాది బావా. నువ్వే కాస్త ఎక్కువైపోయావు" అనేవాడు. అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. ఎటూ తప్పని నవ్వు ముందే నవ్వేస్తే నొప్పి తక్కువని నా నమ్మకం.

నొప్పి తగ్గలేదు. రెండో ఏటికి నడుము దగ్గర మొదలై కుడికాలి చివరిదాకా దిగింది. నేను సొంతంగా వైద్యం మొదలుపెట్టాను, పశువులకి చేసే శ్రద్ధలో పావువంతైనా లేకుండా. సీటు కుట్టేవాడి చేత సీటు ఎత్తుగా కుట్టించాను. కాళ్ళకి కాస్త చోటు దొరికింది గాని హేండిలు ఇంకా కిందికి పోయింది. బండి నడపడం అంటే ముగ్గు వెయ్యడంలా తయారైంది. సరేనని ఒక రోడ్డుపక్క మెకానిక్కు చేత హేండిలు ఎత్తించాను. దానికి వెళ్ళే తీగలు పాతవే, పొట్టివి. ఎడమకి తిప్పితే ఏక్సిలేటరు తీగ బిగుసుకుని, నేను ముట్టుకోకుండానే బండి గర్జించి పరిగెత్తేది. అలా ఒకసారి నాట్లు వేసిన మడిలోకి దిగిపోయాను. గట్టు మీదున్న ఆడవాళ్ళు ముందు బండిని లేపి, తరవాత నన్ను మడత విప్పారు. హేండిలు మళ్ళీ పాత ఎత్తుకే దింపించాను.

విజయనగరంలో ఎముకల డాక్టరు ఫిల్ము చూసి, వెన్నుపూసల మధ్య నరం నలిగిందన్నాడు. బండి మానకపోతే కాలు పనిచెయ్యడం మానేస్తుందన్నాడు. బండి మానితే ఉద్యోగం మానినట్టే. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టే పెద్దాయన అప్పటికే, "నీకు ఫీల్డు పడనట్టుందయ్యా, వేరే మనిషిని చూడమంటావా" అని అడిగి ఉన్నాడు. ఇంకో పెద్ద బండి కొనే స్తోమతు లేదు. ఆ నెలలో మా ఆవిడ రోజూ గోరువెచ్చటి ఇసక మూటతో నడుము కాపేది. ఒకరోజు కాపడం ఆపి, "కాలు పోతే ఏటండీ మన గతి?" అంది. నాకు హాస్యం రాని సందర్భాలు తక్కువ. అది ఒకటి.

ఆ వారంలోనే ఆ ఫోను. మెరక పొలాల పక్క ఊళ్ళో ఒకావిడ ఆవు, తొలిచూలు, దూడ అడ్డం తిరిగింది. పద్దెనిమిది కిలోమీటర్లు. తిమ్మిరెక్కిన కాలితో బ్రేకు తొక్కుతున్నానో లేదో తెలియక మూడుచోట్ల ఆగాను. ఆగిన ప్రతిచోటా కొబ్బరిచెట్టు పట్టుకుని, కాలు విదిలించుకుంటూ, అవతల ఆవు లెక్కపెట్టుకుంటున్న నిమిషాలు నేనూ లెక్కపెట్టాను. పాక ముందు బండి దిగబోయి పేడలో కూలబడ్డాను. ఆవిడే చంకల కింద చేతులు వేసి లేపింది. ఆవు దక్కింది. దూడ దక్కలేదు. అరగంట ముందొస్తే దక్కేది. అది నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోస్తూ ఆవిడ ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. అంటే బాగుండేది.

"మా తమ్ముడు నరసన్నపేటలో లారీలకి సీట్లు అమరుస్తాడు. రోజల్లా కూకునీ డ్రైవర్లందరికీ ఆడే సర్దుతాడు. ఓపాలి ఎల్లు, డాక్టరుబాబూ. ముందు నీకు సెయ్యాల వైద్యం" అంది.

ఆ తమ్ముడు బండి వైపు చూడనేలేదు. నన్ను గోడవారగా స్టూలు మీద కూర్చోబెట్టి, తొడలు సుఖంగా ఉన్నాయనేదాకా స్టూలు కింద ఇటుకలు పేర్చాడు. కళ్ళు మూసుకోమన్నాడు. "సేతులు ఎటు పోతే అటు సాపు బాబూ. మర్యాద సెయ్యకు." చేతులు చాపాను. చెయ్యి ఉన్నచోట, తుంటి ఉన్నచోట, పాదం ఉన్నచోట గోడ మీద సుద్దతో గీతలు పెట్టాడు. తరవాత బండిని తెచ్చి ఆ గీతల పక్కన నిలబెట్టాడు. గోడ మీద ఉన్నవాడు నేను, కింద ఉన్నది నా బతుకు. హేండిలు దగ్గరే జానెడు తేడా. "బండి నీది కాదు బాబూ. ఎవులి సొక్కాయో తొడుక్కున్నావు" అన్నాడు. నలభయ్యేళ్ళలో, ఎక్కువైంది నేను కాదని చెప్పిన మొదటి మనిషి. కళ్ళలోకి వచ్చిన నీళ్ళని వెల్డింగు పొగ మీదకి నెట్టేశాను.

రెండు రోజులు పట్టింది. ఫుట్‌రెస్టులు కిందికీ వెనక్కీ జరిపాడు, వాటితో పాటే బ్రేకునీ గేరునీ. సీటులో గట్టి ఫోము వేసి నాలుగు వేళ్ళ ఎత్తు లేపాడు. హేండిలు ఎత్తి, ఈసారి దానికి తగ్గ పొడుగు తీగలు వేశాడు. తిరుగుదారిలో చీపురుపల్లిదాకా ఒక్కచోటా ఆగలేదు. కాలు నెమ్మదిగా నాదయింది, ఉద్యోగమూ నిలిచింది. మరుసటేడు అదే ఆవు ఈనేవేళకి నేను దిగి, నిటారుగా నడిచి పాకలోకి వెళ్ళాను. పెయ్యదూడ. పాక దూలం తలకి తగిలింది గాని, ఆ రోజు దూలానిదే తప్పనుకున్నాను.

ఇంక మా బావ. తన స్కూటరు రిపేరులో ఉందని, వియ్యాలవారింటికి వెళ్ళాలని, మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని వచ్చి నా బండి తాళం అడిగాడు. "ఇదేటి బావా, ఇంత ఎత్తు" అన్నాడు గాని, అరుగు పక్కనుంచి ఎక్కాడు కనక ఇబ్బంది పడలేదు. తాళం అందించాను. పది నిమిషాలకి ఫోను. రైలుగేటు పడిందట. ఆపడానికి నేల అందక పక్కనున్న పిట్టగోడకి ఆనుకున్నాడట. గోడ వదిలితే పడతాడు, వదలకపోతే కదలడు. వెనకనుంచి హారన్లు ఫోన్లో వినిపిస్తున్నాయి. "బేగి రా బావా, పరువు పోతన్నాది."

గేటు మా ఇంటికి నా అడుగులతో ఐదు నిమిషాలు. చెప్పులు వేసుకున్నాను, తీసి తుడిచి మళ్ళీ వేసుకున్నాను. బయల్దేరి, జీవితంలో మొదటిసారి పొట్టి అడుగులు వేశాను, అచ్చం మా బావ వేసినట్టే. దారిలో ఒకరి గేదెని పలకరించాను. నేను చేరేసరికి ఒక గూడ్సు, దాని వెనక పాసింజరు వెళ్ళిపోయాయి; గేటు తెరిచి ఉంది; మా బావ పిట్టగోడని కౌగలించుకుని, నన్ను చూడటానికి తల పైకెత్తాడు. అరచెయ్యి అడ్డం పెట్టుకుందామన్నా చెయ్యి ఖాళీగా లేదు.

"అంత కాళ్ళున్నాయి, ఇంతసేపేటి బావా?" అన్నాడు.

"వంగి నడిచే అలవాటు పోలేదు బావా" అన్నాను.

గరివిడి అతనికి బండి అమ్మలేదు. అప్పుడప్పుడూ ఎక్కి, ఊరికే కూర్చుంటాను. ఏళ్ళకేళ్ళు నాతోపాటు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న కాలం, మా బావ గోడ పట్టుకున్న ఆ సాయంత్రం రైలుగేటు దారిలో అరగంటసేపు హాయిగా కాళ్ళు చాపుకుంది.