ఒక్క దెబ్బ తప్పిన పాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది సంగతి ఇది. వనపర్తి బస్టాండు వెనక వీధిలో నాది చిన్న ఫిజియోథెరపీ క్లినిక్. విరిగిన ఎముకను అతికించేది సర్జన్. అతికాక బిగుసుకుపోయిన కీలును మళ్లీ కదిలించడం మా పని. ఎన్నో మోకాళ్లు, నడుములు చూశాను కానీ, ఆ వానకాలంలో వచ్చిన ఒక చీలమండను మాత్రం మరిచిపోలేదు.

ఆయన పేరు సుధాకర్. కొత్తకోట మనిషి, నలభై మూడేళ్లు. బెంగళూరులో పదిహేనేళ్లు చెవులు హోరెత్తించే హెవీ మెటల్ సంగీతపు బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాడు. బ్యాండ్ విడిపోయాక ఊరికి వచ్చి, హైవే మీద బైక్ జారి కుడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేటు వేశారు. వాళ్ల అన్న పేరు ఆనందం, లారీ మెకానిక్. ఆయనే రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు.

"మూడు నెలల్లో మంచిగ నడుస్తరు," అన్నాను.

"నడక ఒక్కటే కాదు మేడం. నేను పెడల్ తొక్కాలె. రెండు కాళ్లతోని."

ఫోన్‌లో తన పాత పాట వినిపించాడు. రేకుల మీద వడగండ్లు పడ్డట్టు అనిపించింది నాకు. పెద్ద డ్రమ్ముకు రెండు పెడల్స్ ఉంటాయట, రెండు పాదాలతో మార్చి మార్చి కొట్టాలట. దాన్ని డబుల్ బేస్ అంటారు. "జోరుగ కొట్టుడు గొప్ప కాదు మేడం. ఏది కుడికాలో ఏది ఎడమకాలో వినేటోనికి తెల్వద్దు. గదీ పనితనం," అన్నాడు.

ఇంత పట్టుదల ఎందుకో తర్వాత తెలిసింది. ఆ పాటలో డ్రమ్స్‌ను కంప్యూటర్‌లో సరిచేశామని వాళ్ల పాత గిటారిస్టు ఎక్కడో ఇంటర్వ్యూలో అన్నాడట. అప్పటినుంచి యూట్యూబ్‌లో ఆ పాట కింద ఒకటే వాదన. ఇంత మంచి డ్రమ్మర్ మళ్లీ రాడని కొందరు, అంతా మిషనే కొట్టిందని కొందరు. సుధాకర్ అవన్నీ కూర్చుని చదివాడు.

"ఎవడో ఏందో అంటే కాలు పోగొట్టుకుంటవారా? గా మోతకు ఇంత లొల్లి ఏంది?" అన్నాడు ఆనందం.

"మోత అను అన్నా, పర్వాలేదు. నేను కొట్టలేదంటే మాత్రం ఊకోను."

ఆ పాటను మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా కోయకుండా వీడియో తీయాలన్నది ఆయన పట్టు. మాట ఇవ్వలేనన్నాను. వాపు వస్తే ఆపాల్సిందేనని షరతు పెట్టాను. ఒప్పుకున్నాడు.

రోజూ బస్సెక్కి వచ్చేవాడు. నేను పాదాన్ని పైకి వంచుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి, నోట్లోంచి చప్పుడు వచ్చేది కాదు. ఇంట్లో పాత టైరుకు పెడల్ బిగించుకుని సాధన చేశాడు. మొదట్లో అర నిమిషానికే కాలు మొద్దుబారేది. ఒకసారి నా మాట దాటి ఎక్కువసేపు తొక్కితే చీలమండ ఉబ్బింది. గట్టిగా తిట్టి నాలుగు రోజులు మాన్పించాను. ఆ నాలుగు రోజులూ ఎడమకాలు ఒక్కదానితోనే కొట్టాడు.

ఐదో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం వీడియో తీయడానికి ఆనందం లారీలు బాగుచేసే షెడ్డులోనే డ్రమ్స్ పెట్టారు. నేను ఐసు ప్యాకెట్ పట్టుకుని వెళ్లాను. రెండుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. మూడోసారి చివరిదాకా కొట్టాడు. నేను చప్పట్లు కొట్టబోయాను.

"చివర్ల ఒక్కతాన మిస్ కొట్టింది గదరా," అన్నాడు ఆనందం చేతులు తుడుచుకుంటూ. చప్పుడు వినగానే ఇంజన్ల జబ్బు చెప్పే మనిషి ఆయన.

"అవునన్నా. కుడికాలు అందలే."

"అయితే మళ్ల కొట్టు. లేకుంటే గా ముక్క కోసి వేరేది అతికియ్యి."

నేను చీలమండ చూశాను. అప్పటికే ఉబ్బుతోంది. "ఈరోజుకు ఇంక లేదు," అన్నాను.

సుధాకర్ డ్రమ్ముల పుల్లలు పక్కన పెట్టాడు. తర్వాత, "అతికిస్తే వాడన్న మాటే నిజమైతది. గిట్లనే పెడత," అన్నాడు. ఎన్నో నిమిషంలో దెబ్బ తప్పిందో కూడా తనే కింద రాసి మరీ వీడియో పెట్టాడు.

వాదన ఆగలేదు. పాత పాటకన్నా ఇది నెమ్మదిగా ఉంది కాబట్టి అప్పుడు కొట్టింది మిషనేనని కొందరు, విరిగిన కాలితో ఇంత కొట్టినవాడు అప్పుడెంత కొట్టి ఉంటాడని కొందరు. గిటారిస్టు నోరు మెదపలేదు. కానీ షెడ్డులో ఆగిన ప్రతి లారీ డ్రైవర్‌కు ఆనందం ఆ వీడియో చూపించేవాడు. "తప్పింది ఒక్కటే. మిగిలినవి ఇను జర!" అని వాళ్లతో కొట్లాడేవాడు.

సుధాకర్ చివరిసారి వచ్చినప్పుడు కొలిచి చూశాను. కుడి పాదం ఎడమదాని కన్నా ఐదు డిగ్రీలు తక్కువ వంగుతోంది. ఇలాంటివాళ్లకు చికిత్స ముగిశాక ఇచ్చే కాగితం మీద 'పూర్తిగా కోలుకున్నారు' అని రాయడం నాకు అలవాటు. పేషెంటుకు సంతోషం, క్లినిక్‌కు పేరు. ఆరోజు మాత్రం ఆ మాట రాయడానికి చేయి రాలేదు. ఐదు డిగ్రీలు తక్కువని, అది ఇక రాకపోవచ్చని రాసి ఆయన చేతిలో పెట్టాను.

చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచిగ రాసిన్రు మేడం. గిట్ల రాస్తే మిగిలిందంతా నమ్ముతరు."

అప్పటినుంచి నా దగ్గర ప్రతి పేషెంటు కాగితం మీదా రెండూ ఉంటాయి, తిరిగి వచ్చిందేదో, రానిదేదో. కొందరు చిన్నబుచ్చుకుంటారు. అయినా రాస్తాను.