చేతులు చూపియ్యి బిడ్డా

పుస్తకం పట్టుకునే ముందు నేను ఇప్పటికీ చేతులు కడుక్కుంటాను. డెబ్బైల మొదట్లో, చాంద్రాయణగుట్ట దారిలో మా బస్తీ లైబ్రరీ అటెండరు నేర్పిన అలవాటు అది. ఆ ముసలాయన్ని పిల్లలందరం తాతా అనేవాళ్లం.

పుస్తకం అడిగితే ముందు "చేతులు చూపియ్యి బిడ్డా" అనేవాడు. గోళ్లు చూసి, అరచేతుల వాసన కూడా చూసేవాడు. మామిడికాయ కారం వాసన తగిలిందా, నల్లా దగ్గరికి తరిమేవాడు. ఆయన దృష్టిలో పుస్తకమూ అన్నమూ ఒకటే.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒకరోజు, "మురికున్నయి, కడుక్కొని రాపో" అన్నాడు. కడుక్కొని వస్తే, "ఇంకా పోలే" అన్నాడు. ఇటుక ముక్కతో గోరింటాకు రంగు కూడా పోయేలా తోముకుని వచ్చాను. అప్పటికే మా తమ్ముడు, గోలీలాడిన దుమ్ము చేతులతోనే, లోపల బొమ్మల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు.

"వాని చేతులు చూడలేదేంది తాతా?" అని అడిగాను.

కథలు చదివి ఆడపిల్లలు చెడిపోతున్నారని, ఇకమీదట వాళ్లను లోపలికి రానివ్వొద్దని బస్తీ పెద్దలు ఆ పొద్దున్నే ఆయన్ని గదమాయించి వెళ్లారని నాకప్పుడు తెలియదు. ఆ మాట నాతో అనడానికి నోరు రాక, నెపం నా చేతుల మీద పెట్టాడు.

తాత నా చేతులు పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ గోళ్లు చూశాడు, వాసన చూశాడు. చాలాసేపు వదల్లేదు.

"సాఫ్‌గనే ఉన్నయి బిడ్డా" అన్నాడు చివరికి. "అయినా ఇంటికి పో."