వేగిస గుమ్మం

మా బావ తవిటయ్యని ఇప్పుడు కూర్మన్నపాలెంలో ‘రగతం గుమ్మమోడు’ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళ నోట మన్ను పడ! అయితే అందులో నా వంతు ఎంతో దాచిపెట్టి వాళ్ళని తిట్టడం న్యాయం కాదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

తవిటయ్య నా భార్య ధనలక్ష్మికి అన్న. వాళ్ళ ఊరు పద్మనాభం. ఊళ్ళో మిగతావాళ్ళంతా వరి చేలవైపు నడుస్తుంటే, ఈయన ఉలీ బాడిశా సంచిలో వేసుకుని పట్నం బస్సెక్కేవాడు. నేను పోర్టు రోడ్డులో ఒక సామిల్లులో దుంగలు కోయిస్తాను. ఓడల్లో దిగిన విదేశీ దుంగలు వస్తే బావ వాటిమీద చెయ్యేసి కూడా చూసేవాడు కాదు. ఆయన మనసంతా మన అడవుల్లో పెరిగే వేగిస చెక్క మీదే. టేకు పెళ్ళికూతురు, వేగిస ఇల్లాలు అనేవాడు. ఎర్రటి చేవ, చెదపురుగు దరిచేరదు, రెండు తరాల బరువు మోస్తుంది. ఉలి మొండికేస్తుంది గానీ చిత్రిక పడితే అద్దమే. చిక్కల్లా ఒకటే. దానికి తొందర పనికిరాదు. కోసిన చెక్కని నీడలో పేర్చి, గాలి ఆడనిచ్చి, ఏడాదైనా ఆరబెట్టాలి. పచ్చిది నూనె తాగదు, లోపలి ఎర్రరసాన్ని పట్టి ఉంచదు, ఆరుతూ ఆరుతూ అతుకులు విప్పేస్తుంది. పచ్చి చెక్క తెచ్చి ఇచ్చినవాడి ఇంటి పని మధ్యలో వదిలేసి వచ్చిన రోజులున్నాయి బావకి. అంత పొగరు.

ఆ పొగరు రెండేళ్ళలో అణిగిపోయింది. చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి పోత పోసిన ఫ్రేములు వచ్చాక చెక్క గుమ్మం అడిగే నాథుడు లేడు. బావ ఊరంతా తిరిగి వాటికి స్క్రూలు బిగించేవాడు. మా ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, ‘ఇది వడ్రంగమా, సైకిలు రిపేరా?’ అని చెల్లెలి మీద విసుక్కునేవాడు.

అలాంటప్పుడు, స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయిన గురునాథరావు గారు కూర్మన్నపాలెంలో ఇల్లు మొదలెట్టారు. గడపకి రాసిన పసుపు ప్లాస్టిక్ మీద నిలవదని, చెక్క గుమ్మమే కావాలని ఆయన భార్య రామలక్ష్మమ్మ గారు పట్టుబట్టారు. అదే వీధిలో ఇంకో నాలుగు ఇళ్ళు లేస్తున్నాయి. ఈ గుమ్మం చూసి మేమూ చేయిస్తామని వాళ్ళు ముందే అనేశారు. అంటే ఈ ఒక్క గుమ్మం నిలబడితే బావ వడ్రంగి. లేకపోతే స్క్రూలే గతి.

కార్తీకం వెళ్ళగానే మూఢం. ఆ తరవాత నెలల తరబడి గుమ్మం ఎత్తడానికి ముహూర్తం లేదు. ఈలోగా గురునాథరావు గారికి గుండె ఆపరేషన్. ఆయన ఆసుపత్రికి వెళ్ళేలోపే గుమ్మం నిలబడాలని ఆవిడ కోరిక. మా మిల్లులో ఉన్న వేగిస కోసి రెండు నెలలే అయింది. ఎంతకాలం ఆరిన చెక్క అని గురునాథరావు గారు నన్నడిగారు. రెండేళ్ళని చెప్పాను. కళ్ళార్పకుండా చెప్పాను. మిల్లు లాభం కోసం కాదు, బావకి పని పోకూడదని. ఎందుకోసమైతేనేం, అబద్ధం అబద్ధమే.

బావ వచ్చి చెక్క ఎత్తి చూశాడు. వేలి కణుపుతో కొట్టాడు. చెంప ఆనించాడు. నా వైపు చూడకుండా, ‘ఆటోకి ఎత్తు’ అన్నాడు.

ముహూర్తానికి గడప కింద నవధాన్యాలు వేశారు, పంచలోహాలు వేశారు. గుమ్మానికి పసుపు పూసి, మామిడాకులు కట్టి, బావకి కొత్త బట్టలు పెట్టారు. ఆ పక్కిళ్ళవాళ్ళు వచ్చి అతుకుల మీద చెయ్యి వేసి మెచ్చుకున్నారు. రెండేళ్ళ తరవాత ఆ రోజే మా బావ నవ్వగా చూశాను.

నాలుగో రోజు వాయుగుండం పట్టింది. ఇంకా గోడలు లేవలేదు, కప్పు లేదు. రాత్రంతా గుమ్మం వానలో తడిసింది. తెల్లారి గడపకి పసుపు రాద్దామని వచ్చిన రామలక్ష్మమ్మ గారు అక్కడే కూలబడిపోయారు. పై చెక్క నుంచి నిలువు చెక్కల మీదుగా ఎర్రటి చారలు కారి, గడప దాటి, తెల్లటి సిమెంటు మెట్టు మీద మడుగు కట్టాయి. గుమ్మం రక్తం కక్కిందన్న మాట వీధి చివరికి చేరడానికి ఎంతసేపు పడుతుంది?

బావా నేనూ పరుగెత్తుకుని వెళ్ళాం. వీధి వీధంతా అక్కడే ఉంది. ఇది వేగిస పసరని బావ మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. అప్పుడొక గాజు గ్లాసులో నీళ్ళు తెప్పించి, చెక్క పేళ్ళు వేసి, అందరి ముందూ పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి నీళ్ళు తేనెరంగుకి తిరిగాయి. వెలుతురుకి పెడితే అంచున నీలం మెరిసింది. షుగరున్నవాళ్ళు ఈ నీళ్ళకోసం వేగిస గ్లాసులు వెతుక్కుని కొనుక్కుంటారని చెప్పి, గటగటా తాగేశాడు. గురునాథరావు గారు తలూపారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

రామలక్ష్మమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకుని లేచారు.

“రగతం కాదని నాకూ తెల్సు తవిటయ్యా. నువ్వు సెప్పకముందే తెల్సు. అయినా మూడ్రోజుల్లో ఈయనకి గుండె కోత్తారు. ఇది కళ్ళారా సూసీసినాక, ఇక్కడ దీన్ని నిలబెట్టి నాను ఈయన్ని ఆసుపత్రికి పంపలేను.”

శాస్త్రంతో వాదించొచ్చు, మూర్ఖత్వంతో వాదించొచ్చు. భయంతో ఏం వాదిస్తాం. తాపీవాళ్ళు గునపాలు తెచ్చారు. బావ వాళ్ళకి అడ్డం నిలబడ్డాడు.

“ఎవుడూ ముట్టుకోవద్దు. ఎత్తినోణ్ణి నానే, నానే దించుతాను.”

ముహూర్తంనాడు పెట్టిన కొత్త బట్టలే కట్టుకుని ఉన్నాడు. వానలో సిమెంటు చెక్కి, గుమ్మాన్ని నెమ్మదిగా వాల్చాడు. నేనొక పక్క పట్టాను. కింద పెట్టాక, పై చెక్క నిలువు చెక్కతో కలిసే చోట బావ గోరు పెట్టి చూపించాడు. గోరు లోపలికి దిగింది. వాన పట్టకముందు కాసిన మూడు రోజుల ఎండకే అతుకు విచ్చుకుంది. అటుపక్కదీ అంతే. తడికి మళ్ళీ ఉబ్బినా పూర్తిగా మూసుకోలేదు.

ఇక ఆగలేకపోయాను. రెండేళ్ళు కాదు, రెండు నెలలేనని, నీకోసమే అబద్ధమాడానని చెప్పేశాను. బావ నాలుగు తిట్టినా బాగుండేది.

“నువ్వు సెప్పాలేటి బావా? ఎత్తగానే తెల్సింది నాకు. నువ్వు అబద్దమాడితే ఆడినావు, సెక్క ఆడలేదు కదా. తెల్సే ఉలి పెట్టినాను.” కాసేపు అతుకు మీదే చెయ్యి ఉంచాడు. “సెయ్యని తప్పుకి ఊరంతా తిడతన్నారు. సేసిన తప్పు ఒక్కడూ సూడలేదు. ఎవుడితో సెప్పుకోను?”

గురునాథరావు గారి ఆపరేషన్ బాగానే జరిగింది. దాంతో గుమ్మం తీయించడమే మంచిదయిందని వీధిలో రుజువైపోయింది. అయిదు ఇళ్ళకీ ప్లాస్టిక్ ఫ్రేములే వచ్చాయి. వాటికి స్క్రూలు బిగించడానికి కూడా మా బావని పిలవలేదు.

ఇప్పుడు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు మెట్ల దగ్గర వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడు. మొన్న అటు వెళ్ళినప్పుడు చూసొద్దామని ఆగాను. లోపలి తలుపు ఒకటి నేలకి రాసుకుని కిర్రుమంటుంటే ఆఫీసు కుర్రాళ్ళు కిందా మీదా పడుతున్నారు. రెండుసార్లు చిత్రిక పడితే పోయేదానికి! బావ కుర్చీలోంచి కదల్లేదు. వాళ్ళలో ఒకడు, ఇంతకుముందు ఏం పని చేసేవాడివి తాతా అని అడిగాడు.

వరి పండించేవాణ్ణని చెప్పాడు మా బావ. బావ వాళ్ళింట్లో ఎవరికీ సెంటు భూమి లేదు.