డిస్కు బ్రేకుకు అభిషేకం

మా మరిది కొత్త సూపర్‌బైకు మీద ఊరికి వచ్చిన శనివారం నాటికి, మా ఇంట్లోని పాత సూపర్‌బైకుకు ఆఖరి రోజులు నడుస్తున్నాయి. సోమవారం వ్యాను తీసుకొని వస్తానని గూడూరు బేరగాడు చెప్పి ఉన్నాడు. ఆ బండి మా ఆయనది. పాతికేళ్ల నాటి వెయ్యి సీసీ. నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బురేటర్లు. కిందటి ఏడు రొయ్యల గుంటల దగ్గర మలుపులో, ట్రాక్టరు చక్రాలు రోడ్డు మీద వదిలిపోయిన బురద చూసి ఆయన ముందు బ్రేకు గట్టిగా పట్టారు. చక్రం బిగుసుకుపోయింది. బండి ఒక పక్కకు, మా ఆయన ఇంకో పక్కకు పోయారు. భుజం ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. అప్పటినుంచి నా స్కూటరు మీద మేత బస్తా పెట్టుకొని, ముందు బ్రేకు జోలికే పోకుండా, గుంటలకు వెళ్లి వస్తున్నారు.

బండి పోతే దానితోపాటు మనిషిలో కూడా ఎంతో కొంత వ్యాను ఎక్కిపోతుందని నా భయం. ఆ మాట ఆయనతో అనలేదు, ప్రార్థనలో అన్నాను. యంత్రాల కోసం ప్రార్థించవచ్చా అనే అనుమానం మా ఇంట్లో ఎవరికీ లేదు. గుంటలో గాలి తిప్పే మోటారు ఆగిపోతే మోకాళ్లూనిన కుటుంబం మాది.

నేను బడికి పోలేదు. మా అమ్మ బైబిలు ముందు పెట్టి తెలుగు నేర్పింది. పెళ్లయ్యాక మా ఆయన ఆ బండి మాన్యువల్ ముందు పెట్టి ఇంగ్లీషు నేర్పారు. మొదటి పుస్తకంలో లోకమంతా తయారవడానికి ఒక్క అధ్యాయం పట్టింది. రెండో పుస్తకంలో వాల్వులు సర్దడానికే అంతకంటే ఎక్కువ పట్టింది. రెండింటికీ నేను రుణపడి ఉన్నాను. అందువల్ల మరిది ఇంజన్ల సంగతి మాట్లాడుతుంటే కాఫీ ఇచ్చి లోపలికి పోయే వదినను కాను.

మరిదికి చెన్నైలో ఉద్యోగం. చిల్లకూరు దాకా హైవే మీద ఎగిరి వచ్చి, అక్కడినుంచి మా గతుకుల్లో పాకుతూ వచ్చాడు. దిగీ దిగగానే చెంబెడు నీళ్లు తొడల మీద పోసుకున్నాడు.

"ఏందబ్బయ్యా, ఇంజను నీ కాళ్ల సందున వంట చేస్తా ఉండాదా?" అన్నాను.

"వీ-ఫోర్ వదినా, అట్నే ఉంటాది. మీ పాతదాంట్లో నాలుగు సిలిండర్లు అడ్డంగా వరస కట్టినాయి. దీంట్లో రెండు ముందుకి, రెండు వెనక్కి. అందుకే నడుము దగ్గిర సన్నం."

"సన్నమే గానీ జొరం జాస్తి."

మా ఆయన చేతులు వెనక్కి కట్టుకొని బండి చుట్టూ తిరిగారు. తాకలేదు. "ఫ్రేము యాడరా?" అన్నారు. పాత బండికి రెండు పక్కలా ఇంటి దూలాల్లాంటి అల్యూమినియం బద్దలు ఎదురుగా కనిపిస్తాయి.

"ఇంజనే ఫ్రేమన్నా. ముందర చిన్న ముక్క బిగించినారు. వెనక చక్రాన్ని కూడా ఇంజనుకే తగిలించినారు."

"అంటే ఎముకలు లేకుండా కండతోనే నిలబడి ఉండాదన్నమాట."

మరిది తెర వెలిగించాడు. మా పాతదానికి రెండు గుండ్రటి ముళ్ల మీటర్లు, చలికాలం పొద్దున లాగడానికి ఒక చోక్ ఉంటాయి. దీనికి మా ఇంటి టీవీ కంటే మంచి బొమ్మ వస్తుంది. బండి ఎంత వంగిందో, ముక్కు ఎంత లేచిందో, ఏ చక్రం జారబోతోందో క్షణక్షణం కనిపెట్టి ఉండే సెన్సారు ఒకటి లోపల ఉందట. అలా కనిపెట్టి ఉండేవాడు నేనెరిగి పైన ఒక్కడే. ఆయనకు బ్యాటరీ అక్కర్లేదు. ఆ మాటే అన్నాను.

"ఎగతాళి చెయ్యబాక వదినా. వంపులో బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోదు. అన్నా, ఆ రోజు నీ కింద ఇదుంటే నువ్వు పడేవాడివే కాదు."

మా ఆయన నేల చూపులు చూశారు. నాకు మరిది నోట్లో ఏదైనా కుక్కాలనిపించింది. అతడు మాత్రం ఆగలేదు. "ఎక్కన్నా. ఒక్క రౌండు. నువ్వు పడాలన్నా ఇది పడనీదు."

మేము ముగ్గురం తెర చుట్టూ మూగి ఇలా వాదించుకుంటున్నంతసేపూ మా అత్తమ్మ బండి ముందు చక్రం దగ్గర పీట వేసుకొని కూర్చొని ఉంది. మా ఇంటికి ఏ కొత్త బండి వచ్చినా ప్రార్థన చేసి ఒలీవ నూనె రాస్తేనే సవారీ. పాస్టరుగారు వాకాడులో కూటాలకు పోవడంతో ఆ పని అత్తమ్మ తన మీద వేసుకుంది. ఆమె కళ్లు మూసుకొని చాలాసేపు ప్రార్థించింది. మేము కూడా మర్యాదగా ఆమెన్ అని మళ్లీ తెరలో తలలు దూర్చాం.

"నువ్వెక్కితే పోతా," అన్నారు మా ఆయన నాతో. నేను వెనక ఉంటే నిదానంగా పోవచ్చనే సాకు దొరుకుతుందని ఆయన ఎత్తు. ఏ సాకుతోనైనా ఆయన ఆ సీటు మీద కూర్చుంటే చాలని నా ఎత్తు. పాత బండికి వెనక సీటంటే దిండు. దీనికి బ్రెడ్డు ముక్క అతికించారు. కొంగు నడుముకు బిగించి, ఆ ముక్క మీద కూర్చొని, కూర్చోవడానికి ఆ మాత్రమైనా ఉంచినందుకు స్తోత్రం చెప్పుకున్నాను.

ఊరు దాటేదాకా ఆయన వెనక బ్రేకుతోనే నెట్టుకొచ్చారు. ఏడాదిగా అలవాటైన భయం అది. పొలాల మధ్య తిన్నటి రోడ్డు వచ్చాక యాక్సిలరేటరు కొంచెం తిప్పారు. పాతది ముందు గొణిగి, తర్వాత అరిచి, ఆ పైన పరుగెత్తేది. ఇది అనుకునేలోపే అక్కడ ఉంటుంది. ఆయన భుజాలు వదులవడం నా చేతులకు తెలిసింది. నాకు ఎంతో సంతోషం కలిగింది.

అప్పుడు కనిపించాయి వడ్లు. సగం రోడ్డు మీద ఎవరో ఆరబోశారు, మిగతా సగంలో ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తోంది. తమ్ముడి మాట నమ్మి, ఏడాది తర్వాత మొదటిసారి, మా ఆయన ముందు బ్రేకు పట్టారు.

బండి తన దారిన తాను పోతూనే ఉంది.

"బ్రేకు పట్టడంలా!" అన్నారు. ఎడమ కాలు టకటకా గేర్లు దించింది, కుడి కాలు వెనక బ్రేకు తొక్కింది. ఇంజను కుక్కలా మొరిగింది. పాత బండి బ్రేకులు ఏనాడూ గొప్పవి కావు. దాన్ని ఆపడమంటే ఇంజనుతో ఆపడమేనని ఆయన కాళ్లకు ఎప్పుడో తెలుసు. నేను ఆయన వీపులో ముఖం దాచుకున్నాను. ముందు చక్రం వడ్లలోకి మెత్తగా దిగబడి బండి ఆగింది. పడలేదు. ట్రాక్టరు హారను కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

వడ్ల ఆసామి పెళ్లాం పార పట్టుకొని వచ్చింది. "కండ్లు యాడ పెట్టుకోని తోల్తా ఉండావయ్యా? ఇమానం తెచ్చి నా వడ్ల మీద దించినావే!"

"రోడ్డు మీద పోస్తే ఎట్టక్కా?" అన్నారు మా ఆయన.

"నీ అబ్బ ఏసినాడా రోడ్డు? దిగు, దిగి సర్దు!"

ఇద్దరం మోకాళ్ల మీద కూర్చొని వడ్లు చేతులతో సర్దాం. చూస్తే ఆయన నవ్వుతున్నారు. తిట్లు తింటూ అంత హాయిగా నవ్వే మనిషిని ఆ రోజే చూశాను.

ఇంటికి వచ్చి బండి ఆపగానే ఆయన ముందు చక్రం డిస్కు మీద వేలు రాసి వాసన చూశారు. "ఒలీవ నూనె," అన్నారు. మరిది ముఖం పాలిపోయింది.

అత్తమ్మ ఏమీ దాచలేదు. "ఇనుముకే గదా రాయాల? పాతదానికి ఇంతింత బద్దలుండె, వాటికి రాసినా. దీనికి యాడ చూసినా పిలాస్టిక్కే. ఆ రెండు పళ్లేలే ఇనుము మాదిరి కనబడె. రెండు పక్కలా రాసినా. పిసినారితనం చెయ్యలా."

"అమ్మా! అది బ్రేకమ్మా!"

"అయితే ఏంది? బతికొచ్చినారా లేదా? ఆ నూనె లేకుంటే ఏమయ్యేదో!"

మా ఆయన షెడ్డులోనుంచి థిన్నరు డబ్బా తెచ్చారు.

మరిది చిన్నబోయాడు. "ఇన్ని సెన్సార్లు పెట్టి దీనికి ఒక్క లైటు పెట్టలేదే!"

"చక్రం బిగుసుకుంటే వదలడం దానికి తెలుసు," అన్నారు మా ఆయన డిస్కును థిన్నరుతో తుడుస్తూ. "పట్టకపోతే అది మాత్రం ఏం చేస్తాదిరా? నిదానంగా పోయి బ్రేకు ప్యాడ్లు మార్పించుకో. ఒక మాట చెప్పాల. అంత గబగబా గేర్లు దించినా తోక ఊపలా. మన పాతదయితే ఊపుండేది. మంచి బండి తెచ్చినావు."

"అయితే పాతది ఇచ్చేసి నువ్వూ ఇట్టాంటిదే తీసుకో అన్నా."

ఆయన చేతులు కడుక్కొని లోపలికి పోయారు. నేను ఆ రాత్రి ప్రార్థనలో ఏమీ అడగలేదు. అడిగితే తొందరపెట్టినట్టవుతుందని ఊరుకున్నాను.

ఆదివారం ఆరాధన నుంచి వస్తూనే ఆయన తెల్లచొక్కా విప్పి పాత బండి ట్యాంకు ఎత్తారు. నాలుగు కార్బురేటర్లూ విప్పి పాత వార్తాపత్రిక మీద పరిచారు. ఏడాదిగా నిలవ ఉన్న పెట్రోలు లోపల బంకలా గడ్డకట్టి ఉంది. కొత్తదానికి ఈ బాధ లేదని మరిది వెళ్తూ వెళ్తూ అన్నాడు. నిజమే. ఆ బాధ లేకపోతే ఆ మధ్యాహ్నం మా ఆయన పక్కన కూర్చొని, ఆయన ఏ పేరు చెబితే ఆ చిన్న ఇత్తడి ముక్కను అందించే భాగ్యం నాకు దక్కేది కాదు.

సోమవారం బేరగాడు చెప్పిన వేళకే వచ్చాడు. వ్యాను వాకిట్లో ఆపి, తాళ్లు దించి, ఖాళీగా ఉన్న షెడ్డు చూశాడు.

"బండేదమ్మా?"

"ఆయన తీసుకోని పోయినారన్నా."

"యాడికి?"

"చెప్పలేదు. జువ్వలదిన్నె పక్కకే పోయినట్టుండారు."

"అంత దూరమా! ఎప్పుడొస్తారు?"

"ట్యాంకు నిండా పోయించుకున్నారు."

అతడు తాళ్లు చుట్టుకుంటూ నా ముఖం చూశాడు. పాపం, ఎండలో వచ్చిన మనిషి. లోపలికి పిలిచి అన్నం పెట్టి, చేపల పులుసు వేశాను. మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తూ తిన్నాడు. నేను ఇంకో గరిటె వేశాను.