కమ్ రౌండ్

నా చిన్నప్పుడు, ఫస్టు ఫారం చదివే రోజుల్లో, ఒక్కో మాటకు ఒక్కో తెలుగు మాట పెట్టుకుని ఇంగ్లీషు అర్థం చేసుకునేదాన్ని. 'కమ్' అంటే రావడం, 'రౌండ్' అంటే చుట్టూ. అంతకు మించి ఆ మాటల్లో ఇంకేమైనా ఉంటుందని తెలియదు.

ఆ వానాకాలం మా అమ్మకు బందరు ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ చేశారు. మత్తు దిగాల్సిన వేళ దాటినా అమ్మ కళ్లు తెరవలేదు. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. నాన్న వరండాలో బల్ల మీద కూర్చుని, తల గోడకు ఆనించి అలాగే ఉండిపోయారు. ఇంతలో డాక్టరుగారు బయటికొచ్చి నర్సమ్మగారితో "షి విల్ కమ్ రౌండ్" అనేసి వెళ్లిపోయారు.

అమ్మను వెనకవైపు నుంచి చుట్టూ తిప్పి తీసుకొస్తారు కాబోలనుకుని, నేను ఆసుపత్రి వెనక గుమ్మం దగ్గరికి వెళ్లి వానలో నిలబడ్డాను. చాలాసేపటికి నర్సమ్మగారు వెతుక్కుంటూ వచ్చారు.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా, తడిసిపోతూ?"

"అమ్మ ఇటు తిరిగి వస్తుందని డాక్టరుగారు చెప్పారండి."

ఆవిడ నవ్వలేదు. రాత్రంతా డ్యూటీలోనే ఉన్నారేమో, మెట్టు మీద కూలబడి తన కొంగుతో నా తల తుడిచారు. "కమ్ రౌండ్ అంటే తెలివి రావడం తల్లీ. మీ అమ్మకు తెలివొస్తుందన్నారు. కోపంతో బిగుసుకుపోయిన మనిషి మెత్తబడినా ఆ మాటే అంటారు."

నాకు వెంటనే మా తాతయ్య గుర్తొచ్చారు. అమ్మ తన మాట కాదని చర్చిలో నాన్నను పెళ్లి చేసుకున్నప్పటినుంచి ఆయన మా గడప తొక్కలేదు. ఆ ఉదయమే నాన్న పామర్రు బస్సు డ్రైవరుతో ఆయనకు కబురు పంపారు. ఎవరూ రాలేదు.

"అయితే మా తాతయ్య కూడా కమ్ రౌండ్ అవుతారాండీ?"

"అది నేను చెప్పలేనమ్మా. ఎవరినైనా మనం పిలుస్తూ ఉండాలంతే. పద, మీ అమ్మను పిలుద్దువుగాని."

నన్ను లోపలికి తీసుకెళ్లి అమ్మ చెయ్యి నా చేతిలో పెట్టారు. "అరవకు. ఇంట్లో పిలిచినట్టే పిలు" అన్నారు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను. దీపాలు పెట్టే వేళకు అమ్మ వేళ్లు కదిలాయి. సగం కళ్లు తెరిచి, "జడంతా తడిపావేంటే" అంది.

"నీ పిలుపు వినపడుతూనే ఉందే. పలకడానికే ఓపిక లేకపోయింది" అని అమ్మ తరవాత చెప్పింది.

తాతయ్య ఆసుపత్రికి రాలేదు. అయినా పామర్రు వైపు ఎవరు వెళ్తున్నా అమ్మ ఆయనకు కబురు చెప్పి పంపేది. తమ్ముడు పుట్టినప్పుడూ, ప్రతి క్రిస్మసుకూ రమ్మనేది. నాన్న విసిగిపోయి "ఇంకెందుకులే" అన్నా మానలేదు. తాతయ్య రాకుండానే కన్నుమూశారు. అమ్మ కబురు పట్టుకెళ్లినవాళ్లను ఆయన కూర్చోబెట్టి, అమ్మ ఏమందో మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారని అమ్మమ్మ చెప్పినప్పుడు, అమ్మ పొయ్యి ముందు చాలాసేపు ఊరికే కూర్చుండిపోయింది.

ఇప్పుడు నాకూ ఓపిక తగ్గింది. మా తమ్ముడు నాతో మాట మానేసి చాలా ఏళ్లయింది. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే వాడికి ఫోను చేస్తాను. మోగి మోగి ఆగిపోతుంది. పలకడానికి వాడికింకా ఓపిక చాలడం లేదేమో అనుకుని, మళ్లీ ఆదివారం చేస్తాను.